రెండో ప్రూఫు

నూట పన్నెండో పేజీలో రామభద్రరాజు గారు
రెల్లులో పడుకుని ఉన్నారు.
పైన చుక్కలు, పాయలో పోలీసు లాంచీ చప్పుడు,
లంకలో పదకొండు రాత్రులు.
"ఎవరో పడవవాడు అన్నం మూట తెచ్చేవాడు" ట.

నాది అక్షరదోషాలు దిద్దే పని.
"పోలిసు"కి దీర్ఘం ఇచ్చాను,
"చపుడు"కి ఒత్తు పెట్టాను.
పడవవాడి దగ్గర కలం ఆగింది.

ఆ రెల్లులో పడుకున్నవాడు గెడ్డం ఏసుపాదం.
రాజమండ్రి జైలు నుంచి వచ్చాక ఎడమ చెయ్యి పైకి లేవలేదు.
కొబ్బరి దింపు మానేసి
సఖినేటిపల్లి రేవులో పంటు టికెట్లమ్మాడు,
కుడిచేత్తో పట్టుకుని, పళ్ళతో చింపి.

అదే నెల్లో రాజుగారు
రాజోల్లో మా ప్రెస్సు మెట్లెక్కి కాగితం ఇచ్చారు.
ఇరవై సూత్రాల మీద పొగడ్త, స్వదస్తూరీ.
"అర్జంటయ్యా, తాసీల్దారు గారు అడిగారు."
కరెంటు పోతే లాంతరు పెట్టుకుని
సీసపు అక్షరాలు తలకిందులుగా పేర్చాను.
"క్రమశిక్షణ" ఎన్నిసార్లు రాశారో,
"క్ష"లు చాలక పక్క ప్రెస్సులో అరువు తెచ్చాను.
ఆ రాత్రికి పైన ఆరు రూపాయలు.

మొన్న ఫోనులో, ఏదో మాటవరసకన్నట్టు,
"పాత కాగితాలేమైనా మిగిలాయా, సూర్యం?"
"ఎనభై ఆరు వరదకి అన్నీ ఏట్లో కలిశాయండీ."
అవతల ఊపిరి వదిలిన శబ్దం.
ఒకటి మిగిలింది.
మా ఆవిడ బియ్యం డబ్బా అడుగున పరిచింది.
కింద, సన్నక్షరాల్లో, మా ప్రెస్సు పేరు.

"ఎవరో పడవవాడు" కొట్టేసి
"ఏసుపాదం, ఎవరి పడవలోనో" అని రాసి పంపాను.
ఎర్రసిరాతో తిరిగొచ్చింది:
"పేర్లు వద్దు. వాక్యం నడక చెడుతోంది."

నిజమే మరి. ఆయన వాక్యం ఎప్పుడూ బాగానే నడుస్తుంది.
నడిచి నడిచి
నూట ఇరవయ్యో పేజీలో నా దాకా వచ్చింది:
"ప్రాణాలకు తెగించి, రాత్రివేళల్లో
మా కరపత్రాలు అచ్చేసిన ఓ కంపోజిటరు."

పేరు లేదు.
అయినా మనవరాలికి చూపించాను, ఇది నేనేనమ్మా అని.
"నిజంగానా తాతా?"
రాత్రివేళ అన్నంత వరకూ నిజం.
"కంపోజిటరు"లో దీర్ఘం సరిచూసుకున్నాను.
ఆ వాక్యం పక్కన
పెన్సిలు గీత ఒక్కటీ పెట్టలేదు.

రేపు పొద్దున్న బస్సుకి ప్రూఫులు పోవాలి.
నెలాఖరు.
వంటింట్లో మా ఆవిడ సోల డబ్బా అడుగుకి తగిలింది.