ఎనిమిది మిల్లీమీటర్లు

బిస్కట్ డబ్బాలో మూడు రీళ్లు.
మూత తీస్తే పులిసిన వాసన.
పాడైన ఆవకాయ కాదు, చిన్నాన్న.

షిప్‌యార్డు వెల్డరు ఎర్నాయుడు చిన్నాన్నకి
ఎవరో పోలండు నావికుడు
మూడు కిలోల జీడిపప్పుకి కెమెరా ఇచ్చాడట.
ప్రొజెక్టరు ఇవ్వలేదు.
బొంబాయిలో కడిగించి, పోస్టులో తెప్పించుకుని
కిటికీ వెలుగుకెత్తి
ఒక కన్ను మూసి చూసేవాడు.

పూర్ణా మార్కెట్ వెనక అడిగాను,
మూతబడ్డ హాళ్ల ఆపరేటర్ల ఇళ్లలో అడిగాను.
కాసిం గారు రీలు అరచేత్తో తూచి నవ్వారు:
"మాది ఏనుగమ్మా. చీమకి అంబారీ ఏటి కడతాం?"

చివరికి మల్కాపురం ఓడసామాన్ల కొట్లో
లంగరు గొలుసుల కింద
బూడిదరంగు పెట్టె. బెల్టు లేదు.
కుట్టుమిషను బెల్టు కోసి బిగించారాయనే.
బల్బు దొరకడానికి పదకొండు రోజులు.

గోడకి దుప్పటి. ఉక్క. దుప్పటి ఊగుతోందని ఫ్యాన్ ఆపేశాం.

రీలు తిరగబడి ఎక్కింది.
నీళ్లలోంచి ఓడ
వెనకడుగులేస్తూ గట్టెక్కుతోంది.
ముక్కలైన కొబ్బరికాయ
గుండ్రంగా అతుక్కుని
ఎవరి చేతిలోకో ఎగిరిపోయింది.
చల్లిన పూలు బుట్టలోకి దూరాయి.

"ఉండమ్మా, సరిచేస్తాను."
ఉండనివ్వండి, అన్నాను.

ఒడ్డెక్కేసరికి
ఓడ మళ్లీ వాళ్లదే అయింది,
ఇంకా ఏదో అతకాల్సినట్టు.

పిన్ని దుప్పటి దగ్గరకెళ్లి
ఆ గుంపులో చిన్నాన్నని వెతుకుతోంది.
సగం ఓడ ఆమె వీపు మీద పడింది.

తీసేవాడు లోపలుండడు పిన్నీ.
చెప్పలేదు.
డబ్బాలో ఇంకా రెండున్నాయి.