ఎడమవైపు ఏముంది

"రాయి మీద ఎంతుంది?" అంటాడు క్లారీ.
రంగు వెలిసింది, అంకె కనపడట్లేదంటాను.
"నూట పన్నెండు," తనే చెప్తాడు,
"ఇందాకటి గతుకుల్లో చెంచాలన్నీ మోగాయి కదా,
అది నూట పన్నెండే."

ఇరవై ఆరేళ్లు ఈ దారమ్మట
మూడు బోగీల లారీలో గొడ్లని తోలినవాడు.
ఇప్పుడతని చూపులో నడిమధ్య ఖాళీ,
అంచులు మాత్రం మిగిలాయి
మధ్యలో తినేసిన రొట్టెలాగ.
అందుకని స్టీరింగు నా చేతికొచ్చింది.
వెనకాల పదహారడుగుల కారవాన్.
దాన్ని రివర్సు చెయ్యడం నాకింకా రాదు.
వెనక్కి తిరగాల్సొస్తే ఊరి చివరిదాకా పోయి
చుట్టూ తిరిగి వస్తాను.
ఊళ్లు చిన్నవి గనక గడిచిపోతోంది.

"ఎడమవైపు ఏముంది?"
ఎర్రమట్టి.
"కుడివైపు?"
అదే, ఇంకాస్త.
"అట్లా కాదు వెర్నా, చూసి చెప్పు."
చూసి చెప్తాను:
కంచె తీగకి ఎవరో వరసగా కట్టిన పాత బూట్లు,
నీళ్ల తొట్టి చుట్టూ గులాబీ రొమ్ముల గలా చిలకలు,
అద్దంలోంచి ఒక్క వేలెత్తి పలకరించి
దుమ్ములో కలిసిపోయిన ఎదురు బండివాడు.
"ఏ వేలు?"
చూపుడువేలే.
"అయితే ఇక్కడివాడే."

బరూగల్లో గోధుమ గాదె మీద
ఎవరో గొర్రెలు కత్తిరించే ముసలాయన బొమ్మ గీశారు.
ఊరి జనం కన్నా
అతని కనుబొమ్మలో వెంట్రుకలే ఎక్కువ.
అక్కడ పెట్రోలు పోసినావిడ
నా దగ్గర డబ్బు తీసుకుని, కిటికీలోంచి
క్లారీ మొహం చాలాసేపు చూసి
చిల్లరతో పాటు రెండు నారింజలిచ్చింది.
ఎందుకో నేనడగలేదు, తనూ చెప్పలేదు.

మూడు రోజులుగా ఒకటే పాట:
వింటర్స్ వెల్‌లో పబ్బు, వరండాలో పొడుగు బల్ల,
మగ్గు పొంగేదాకా పోసే డెస్మా,
ఆవిడ చేసే మేకమాంసం పై.
తీరా చేరేసరికి తలుపుకి తాళం,
తాళానికి తుప్పు,
కప్పు రేకులు సగం ఎవరో ఊడదీసుకుపోయారు.
ఇంజను ఆపాను.

"ఉందా?"
ఉంది.
"జనం?"
వరండాలో ఇద్దరు. ఒకతని టోపీ ఒళ్లో ఉంది.
"కుక్క?"
ఆఁ, పడుకుని ఉంది.
"ఏం రంగు?"

కుక్కకి రంగు వేసేలోపు
కాస్త ఆలస్యమైంది.

క్లారీ అద్దం దించి విన్నాడు.
"దోమతెర తలుపు కొట్టుకోవట్లేదు.
ఏ గాలికైనా కొట్టుకునేది,
బిజాగిరీలకి డెస్మా ఒక్కనాడూ నూనె పెట్టలేదు."
నేనేమీ అనలేదు.
కాసేపటికి తనే అన్నాడు,
"సరేలే. ఆ టోపీ ఆయన సంగతి చెప్పు."

చెప్పాను. నారింజలు ఒలుచుకుంటూ
పొద్దు వాలిందాకా చెప్పాను.
వాడి పేరు ఆర్చిబాల్డ్ అన్నాను, రెండు పెళ్లిళ్లు చేశాను,
ఒక బావి అమ్మించాను, అందులో నీళ్లు లేవన్నాను.
"మరి కొన్నవాడు ఊరుకున్నాడా?" అని
క్లారీ నిజంగానే కోపం తెచ్చుకున్నాడు.

తెల్లారి చూస్తే పబ్బు పెరడు దాటి దారి లేదు.
చుట్టి రావడానికి ఊరే లేదు.
క్లారీ దిగి, వెనకమూల మీద అరచెయ్యి ఆన్చి
"రా... రా... నీవైపు కొద్దిగా... రా" అంటుంటే
మెడ తిప్పి, నాలిక కరుచుకుని వచ్చాను.
"ఆగు" అన్నాడు. ఆగాను.
ఆగే లోపల నీళ్ల ట్యాంకుకి సొట్ట పడింది.

పేరూ ఫోన్ నంబరూ చీటీ మీద రాసి
తలుపు కింద రాయి పెట్టి వస్తుంటే నవ్వాడు,
"ఎవడు చూస్తాడే దాన్ని?"

టోపీ ఆయన, అన్నాను.
సీటు బెల్టు పెట్టుకుంటూ తలూపాడు.
"అవును. బావి డబ్బులున్నాయిగా,
బాగు చేయించుకుంటాడు."