రుచి పుస్తకం

సర్కారు ఇచ్చిన పుస్తకంలో నాలుగు గడులు:
తేదీ, వంటకం, రుచి చూసినవారు, అభిప్రాయం.
చివరిది మరీ ఇరుకు, ఒక్క మాటకు మించి పట్టదు.
మూడేళ్లుగా అందులో ఒక్క మాటే రాస్తున్నాను:
బాగుంది.

చిత్తూరు నించి గుడిపాల పోయే దారిలో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడను ఆనుకొని మా బడి.
జూన్‌లో తలుపు తీస్తే కొత్త పుస్తకాల వాసన రాదు,
తోతాపురి వాసనే.
ఈగలు కూడా పిలకాయలతోపాటు ఎక్కాలు వింటాయి.

గంట కొట్టకముందే అముదవల్లి
స్టీలు గిన్నెలో నాకు కొంచెం తెచ్చిపెడుతుంది.
పిల్లలకంటే ముందు అయ్యవారు తినాలని రూలు.
నేను తిని అరగంట బాగుంటే
అరవైరెండు మంది తింటారు.
ఆ అరగంటా వంటగది గడపకు ఆనుకొని
నా ముఖమే చూస్తుంటుంది,
పరీక్ష రాసొచ్చిన పిల్ల మాదిరి.

గ్యాస్ అయిపోయి కట్టెల మీద ఉడికిన పొగవాసన పప్పు: బాగుంది.
కూరగాయల ధర మండిన వారం, సొరకాయ ఈదులాడిన నీళ్ల సాంబారు: బాగుంది.
శనివారం చక్కెర పొంగలిలో ఏలకుల పొడి.
అది సర్కారు పట్టీలో లేదు,
ఎవరి డబ్బుతో కొన్నావని నేనూ అడగలేదు: బాగుంది.
బిల్లు రాక అయిదు నెలలైనప్పుడు
ఆమె చెవుల్లో కమ్మలు పోయి వేపపుల్లలు వచ్చాయి.
ఆ పొద్దు ఏం తిన్నానో గుర్తులేదు.
బాగుంది.

నిన్న లెక్క తప్పింది.
ఫోన్‌లో యాప్ అరవైరెండు అంటుంది,
వరసలో అరవైమూడు పళ్లేలు.
చివరివాడు మా బడివాడు కాదు.
ఫ్యాక్టరీ గేటు నించి మెయిన్ రోడ్డు దాకా
కాయలతో నిలబడిపోయిన ట్రాక్టర్లలో
ఏడోదో ఎనిమిదోదో వాళ్లది.
ఇరాల అవతల ఊరంట.
మూడు రాత్రులు కాయల మీదే పడుకున్నారంట తండ్రీ కొడుకులు.
పేరు దామోదరం,
పాలపళ్లు ఊడిన నోట్లో పట్టనంత పెద్ద పేరు.
"కాయలు తిని తిని నోరు పొక్కిపోయింది సార్" అన్నాడు.
గుడ్డు మీద నీలం ముద్ర చూసి ఆగి,
"ఇది ఎవురి సంతకం?" అన్నాడు.
"నీదేలేరా, తిను" అనింది అముదవల్లి.

పళ్లేలు కడిగినాక, చేతులు కొంగుకు తుడుచుకుంటా వచ్చింది.
"దినామూ ఏందో రాస్తావే సారూ, ఏం రాస్తావు?
నాకు చదువు రాదు గదా."
చెప్పాను.
"దినామూ అదేనా?"
"దినామూ అదే."
"మొన్న చారులో ఉప్పు రెండుతూర్లు ఏస్తినే,
పిలకాయలు నీళ్లు తాగీ తాగీ కడుపులు ఉబ్బిపోయె.
ఆ పొద్దు కూడానా?"
"ఆ పొద్దు కూడా."
నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు.
"అట్లయితే, నిజింగా బాగుండిన పొద్దు
నాకెట్ల తెలిసేది?"

మూడేళ్లుగా ఆమెను కాపాడుతున్నాననుకున్నాను.
మూడేళ్లుగా గిన్నె ఖాళీ చేశాను,
అంతే.

ఈ పొద్దు గడి దాటి రాశాను.
అక్షరాలు రేపటి తేదీలోకి కూడా పోయాయి:
టమోటా పప్పు. పులుపు సరిపోయింది.
తెల్లగడ్డ మాడకముందే తాళింపు దించింది.
అన్నం మెతుకు మెతుకూ విడింది.
కారం పిసరంత ఎక్కువ.
అరవైమూడో పళ్లెం ఈ పొద్దూ వచ్చింది.

చదివి వినిపించాను.
"కారం ఎక్కువేం కాలా" అనింది.
నా చేతిలో గిన్నె లాక్కొని
తానూ ఒక ముద్ద నోట్లో వేసుకుని
నమిలింది, ఆలోచించింది.
"ఊఁ. పిసరంత."

గోడ అవతల
ట్రాక్టరొకటి నాలుగడుగులు ముందుకు జరిగి
మళ్లీ ఆగింది.