మోగించి చూడటం

ఒంగోలు నుంచి అట్టపెట్టెలో వచ్చింది.
సుభాషిణి టీచరు కవరు చించి నా చేతిలో పెట్టింది.
"ఆయమ్మా, ఇదిగో కొత్త పలక."

పలకంటే నాకు తెలుసు.
మార్కాపురం షెడ్డులో పదకొండేళ్ళు
రోజుకి నాలుగు వందల పలకలకి చెక్క చట్రం బిగించినదాన్ని.
షెడ్డు మూసేశాక ఇక్కడికొచ్చా,
పగిలిన పలకముక్కల దిబ్బ వెనక
ఈ అంగన్‌వాడీకి, పప్పూ గుడ్లూ ఉడకెయ్యటానికి.

అందుకే చెయ్యి ఊరుకోలా.
గరుకుందేమోనని అంచు మీద బొటనవేలు పోనిచ్చా.
వేలి కణుపుతో నడిమధ్యన కొట్టా.
మంచి రాయైతే ఖంగుమంటది.
లోపల బీటుంటే డబ్బామూత మాదిరి మోగుద్ది.
ఇది ఆ రెండూ కాదు,
కళ్ళు తెరిచి
"పిల్లలూ, రండి ఆడుకుందాం!" అంది.
టీచరు నవ్వింది. నేను అదిరిపడి, తర్వాత నవ్వా.

మొదటిరోజే వెంకటసాయి
వేలికి ఉమ్మి తడి చేసుకుని
తను దిద్దిన 'అ'ని తుడవబోయాడు.
మూడు తరాల అలవాటు, వాణ్ణేమనను?
వాళ్ళ తాత గనిలో రాయి చీల్చినోడు,
ఉలి పెట్టే చోటు చెవితో ఎంచుకునేవాడు.
'అ' పోయి ఏనుగొచ్చింది.
ఏనుగు మీద ఉమ్మి.
కొంగుతో నేను తుడిస్తే
ఏనుగు పోయి ఎక్కాలొచ్చినయి.

ఇమాంబీ సంగతి వేరు.
నాలుగు నిండినయి. పేరు వాళ్ళ జేజిది,
నోరు మాత్రం జేజిది కాదు.
ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు,
రెంటికీ నడుమ గడప మీద కూర్చున్న పిల్ల.
'ళ' దగ్గర నాలుక మడత పడదు.
ఎవరో ఒకరు కిసుక్కుమంటారు.
ఇంక ఆ పూటకి నోటికి గొళ్ళెం.

ఈ అద్దం నవ్వలా.
"తాళం" అంది.
"తాలం" అంది పిల్ల.
"మళ్ళీ చెబుదామా? తాళం."
"తాలం."
"మళ్ళీ చెబుదామా?"
పప్పు కడుగుతా లెక్కపెట్టా. పదిహేడుసార్లు.
పదిహేడోసారీ దాని గొంతులో
నలకంత విసుగు లేదు.
నాకైతే ఆరోసారికే గరిటె విసరబుద్ధయింది.

నా ఇద్దరికీ అంత నిదానంగా
ఒక్క అక్షరం చెప్పిన పాపాన పోలేదు నేను.
షెడ్డు నుంచి వచ్చేసరికి
గొంతులో రాతిదుమ్ము,
చేతిలో చీపురుపుల్ల.
ఒప్పుకోవాల గదా.

పద్దెనిమిదోసారి "తాళం" అంది ఇమాంబీ.
నాలుక వెనక్కి మడిచి, బరువుగా,
తాళం నిజంగా వేసినట్టు.
అద్దంలో చుక్కలు రాలినయి. చప్పట్లు మోగినయి.
"శభాష్!"
పొద్దున సాయిగాడికి చెప్పిన శభాషే అది.
నిన్న ఈగ వాలి అటూ ఇటూ తిరిగితే
ఆ ఈగకి చెప్పింది గూడా అదే.

పిల్ల చుక్కలవైపు చూళ్ళా.
తలెత్తింది.
గదంతా వెతికింది.
టీచరు రిజిస్టరులో మునిగుంది, గుడ్ల లెక్క రాస్తా.
ఆ చూపు కుక్కరు ఆవిరి దాటుకుని
నా మొహం దాకా వచ్చి ఆగింది.
విన్నావా, అని.

విన్నానే తల్లీ.
తడి చేతుల్తోనే దగ్గరికి పోయా.
ఏమనాలో తోచలా.
ఉన్న ఒక్క శభాషూ ఆ అద్దం వాడేసింది.
వేలి కణుపుతో మెల్లిగా
పిల్ల నుదుటి మీద కొట్టా,
రాయి మోగించి చూసినట్టు.

ఖంగుమని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే, నేను తాళం తీయకముందే
మెట్ల మీద వరస కట్టారు తొమ్మిదిమంది.
నన్ను మోగించు, నన్ను మోగించు.
లోపలికి పోయి బీరువా తెరిచి
చంకలో ట్యాబుతో వరస చివర నిలబడింది ఇమాంబీ.
తన వంతు వచ్చింది.
ముందు దీనికి కొట్టాలంట.