మాట అయిపోయాక

చియతురాలో నది నల్లగా పారుతుంది,
మాంగనీసు కడిగిన నీళ్లు.
తెల్ల చొక్కాకి ఇక్కడ ఆయుష్షు ఒక పూట.
ఇలాంటి ఊళ్లో వెలుగు గురించి
గంటలకొద్దీ మాట్లాడే మనిషి
అంబ్రోసి ఒక్కడే.

వెలుగు ఎడమ నుంచి. గడ్డం కిందికి. ఊపిరి బిగపట్టు.
గని గుర్తింపు కార్డులకి రోజుకి నలభై ముఖాలు,
ట్రేలోంచి బయటికొచ్చేసరికి
నలభైకీ ఒకటే ముఖం.

నేను ఆయన దగ్గర ఫిల్ము చుట్టే పిల్లని.
రాత్రుళ్లు పాత పత్రికలు తిరగేసి
నెలకొక కన్ను అరువు తెచ్చుకునేదాన్ని.
ఒక నెల మెట్ల మీద పొడుగు నీడలు,
ఒక నెల పొగమంచులో వీపులు,
ఒక చలికాలమంతా
పగిలిన కిటికీల్లోంచి పగిలిన కిటికీలు.
అరువు సొమ్ము బరువు చేటని
మెడ చెబుతూనే ఉండేది,
నేను వినేదాన్ని కాదు.

నిజానికి నేను చాలా వినేదాన్ని కాదు.
ఏడో ఏట గవదబిళ్లలొచ్చి
ఎడమ చెవిని పూర్తిగా పట్టుకుపోయాయి,
కుడి చెవిలో సగం దయతలచి వదిలాయి.
ఈ ముక్క అంబ్రోసికి చెప్పలేదు.
ఉద్యోగం అవసరం. పెదాలు చదవడం వచ్చు.

"ఆలస్యం చేస్తావు, త్సియాలా,"
అని ఆయన పెదాల మీద ఎన్నిసార్లు చదివానో.
"ముఖం రొట్టె లాంటిది, పొయ్యిలోంచి దిగగానే పట్టుకోవాలి.
నువ్వు చల్లారాక పట్టుకుంటావు."

నిజమే.
కుర్చీలో కూర్చున్నాక ఎవరూ ఊరుకోరు.
బాకీల గురించి, మోకాళ్ల గురించి,
ఈసారి ద్రాక్ష పుల్లబడటం గురించి.
వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నా వేలు కదలదు.
పెదాలు చదివే కన్నూ ఫోటో తీసే కన్నూ నాకు ఒకటే,
ఒక పనిలో ఉంటే రెండో పనికి రాదు.
ఆ మాట అయిపోయి, పెదాలు కలిసి,
ఇంకేం లేదని తేలాక
అప్పుడు నొక్కేదాన్ని.

అంబ్రోసి పోయిన ఏడాది స్టూడియో ఖాళీ చేశాం.
పెట్టెల నిండా ఇరవై ఏళ్ల ముఖాలు,
పేర్లు లేవు, తేదీలు లేవు,
ఆయనవీ నావీ కలిసిపోయాయి.
రోప్‌వే నడిపే లమారా వచ్చింది,
మొగుడి ఫోటో ఉందేమోనని.
నేల మీద చతికిలబడి
చిక్కుడుగింజల్లో రాళ్లేరినట్టు ఏరడం మొదలుపెట్టింది.
ఇది ఆయనది. ఇది నీది. ఇదీ నీదే. ఆయనది.

నాకు గుర్తున్నంతవరకూ ఒక్కటీ తప్పలేదు.
ఎలా తెలుసంటే తల వంచుకునే ఏదో అంది.
భుజం తట్టి, ఇటు తిరిగి చెప్పమన్నాను.
"ఆయన తీసినవాళ్లు ఏదో చెప్పబోతున్నట్టుంటారు.
నువ్వు తీసినవాళ్లు చెప్పేసినట్టు."

అంతలో తెంగిజ్ దొరికాడు, కాలరు ఒకవైపు లోపలికి పోయి.
"మరి ఇందులో ఏమన్నాడు?"
పదకొండేళ్ల కిందటి నలభైమందిలో ఒకడు.
విన్నవి మర్చిపోతానేమో, చదివినవి మర్చిపోను.
"తొందరగా కానీ, నాలుగింటికి మా ఆవిడ డ్యూటీ దిగుతుంది,
ఆ ట్రిప్పులోనే నేనూ కొండెక్కాలి, అన్నాడు."
లమారా ఆ కాలరు మీద బొటనవేలు పెట్టి
పైకి లాగుతున్నట్టు రెండుసార్లు రుద్దింది.

ఆ తర్వాత నెల్లాళ్లు నా పని పాడైంది.
ఇదీ నా తీరు అని తెలిసిపోయింది కదా,
ఎప్పుడు మూస్తారా అని కావాలని కాచుకున్నాను.
మూసేశారు, దుకాణాలు మూసినట్టు.
ఒక్క ముఖం వెనకా ఒక్క మాట లేదు.
చివరికి మళ్లీ మోకాళ్ల గురించే అడగడం మొదలుపెట్టాను.
నా మోకాళ్లూ నొప్పిగానే ఉన్నాయి,
జవాబు నిజంగానే కావాలి.

కుతైసీ నుంచి మేనకోడలు చెవి మిషను తెచ్చింది.
ఆదివారాలు పెట్టుకుంటాను.
నది ఇంత గోల చేస్తుందని నాకెవరూ చెప్పలేదు.
సోమవారం పొద్దున్నే తీసేసి
సొరుగులో లెన్సు మూత పక్కన పెడతాను.