టార్చి పట్టుకున్నవాడు

అర్విద్స్‌యౌర్‌లో మైనస్ ముప్పై ఒకటి.
ఊపిరి అద్దానికి లోపలివైపే గడ్డకడుతోంది.
రాగ్న్‌హిల్డ్ పాత వోల్వోలో ఫ్యాను
ఒకటికి పలకదు, రెండుకి పలకదు,
మూడుకి మాత్రం మూలిగి లేచి
మళ్ళీ ముడుచుకు పడుకుంటుంది.

ఫ్యూజు పళ్ళతో పట్టుకోబోయి ఆగింది:
ఈ చలిలో లోహం పెదవిని వదలదు.
ఫ్యూజు మంచిదే. ఎర్తు వైరు గీకింది. ఊహూఁ.
డాష్‌బోర్డు కింద పిడికిలితో ఒక్కటిచ్చింది,
దెబ్బకి దెయ్యం వదిలి
గిర్రున తిరిగింది
తొమ్మిది సెకన్లు. నేను లెక్కపెట్టాను.
"బ్రష్షులరిగాయి," అంది.

ముందు ఫ్యాను పెట్టి, దాని చుట్టూ కారు కట్టారట.
స్క్రూ తర్వాత స్క్రూ.
టార్చి పట్టుకోవడం నా పని.
స్క్రూలు నా టోపీలో పోస్తోంది,
అంచేత నా చెవులు నావి కావు.

చివరికి మోటారు చేతికొచ్చింది.
రెక్కల మధ్య ఎలుక కాపురం:
నాచు, సీటు దూది, కొరికిన కవర్లు.
ఇరవై రెండేళ్ళు ఈ బండిలోనే ఉత్తరాలు పంచింది మరి.
ఒక ముక్కమీద సిరా ఇంకా బతికే ఉంది:
"ఆదివారంలోగా చెప్పు".
ఏ ఆదివారమో. ఎవరు ఎవరికో.
రాగ్న్‌హిల్డ్ దాన్ని రెండుసార్లు చదివి
సన్‌వైజర్ సందులో దోపింది.

చచ్చిన వాక్యూమ్ క్లీనర్ బ్రష్షుల్ని
ఆకురాయితో అరగదీసి బిగించింది.
స్విచ్చి. ఒకటి.
ముందు కాలిన నాచు వాసన, తర్వాత గోరువెచ్చన.
అద్దంమీద అరచేతంత మేర మంచు కరిగి
వీధి చివర పోస్టు డబ్బాల వరస కనపడింది.
"ఇంత చాలు," అంది, "మిగతా దారి నాకు నోటికొచ్చు."

ఆమె వెళ్ళాక టోపీ పెట్టుకున్నాను.
నెత్తిన ఏదో చల్లగా గుచ్చుకుంది:
ఒక స్క్రూ.