ఈకలు పీకిన అమ్ము

సూర్‌లో, పడవల యార్డులో, శుక్రవారం పూట
రంపాలు పడుకున్న వేళ
షమ్సా పన్నెండు అమ్ములు తెచ్చి నా బల్ల మీద పడేసింది.
"నజ్జార్, ఇవన్నీ ఎడమకే పోతున్నాయి.
విల్లు మంచిదే. చెయ్యీ మంచిదే.
కర్రలోనే ఏదో ఉంది."

విల్లు పట్టిన వంశం కాదు నాది.
తాళ్ళరేవులో పుట్టి ఉలి తప్ప వేరే ఆయుధం ఎరగను.
కానీ కర్ర మీద నేరం మోపితే
వడ్రంగి ఊరుకుంటాడా?

గోనెలో ఖర్జూరపు పీచు కుక్కి
ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడకి ఆనించాం.
పదిహేను అంగలు.
ఒక అమ్ముకి మూడు ఈకలూ పీకేసింది.
"ఈకలు దారిలోనే తప్పు దిద్దేస్తాయి,
తప్పు నాకు కనపడాలి" అంది.
పదిహేడేళ్ళ పిల్ల!
మా సంగాడి అప్పలస్వామి మేస్త్రి
రంగు పుయ్యకముందే నావని నీళ్ళలోకి తోసి
ఎక్కడ కారుతుందో చూసేవాడు.

ఈకల్లేని అమ్ము
జానెడు ఎడమగా దిగింది, తోక కుడికి వాల్చి.

"పొడుగెక్కువ" అన్నాను, పెద్దరికంగా.
వడ్రంగి చెయ్యి ముందు రంపం వైపే పోతుంది.
అలుగు లాగి, వేలెడు కోసి, మళ్ళీ తొడిగాను.
ఈసారి ఇంకో బెత్తెడు ఎడమకి.
షమ్సా నవ్వలేదు.
నవ్వినా బాగుండేది.

రాత్రి కాంపులో, పై మంచం మీద,
కింద ఎవరో ఫోన్లో లెక్కలు తేల్చుకుంటుంటే
ఆ కర్రని రెండు చేతులా పట్టి వంచాను.
పొట్టి పలక మొండికేస్తుంది,
పొడుగు పలకే నావ ఒంటికి చుట్టుకుంటుంది.
ఇరవై ఏళ్ళుగా చేతికి తెలిసిన సంగతి
నోటికి ఎందుకు తెలియలేదో.

అమ్ము తిన్నగా పోదు.
అల్లెతాడు వెనకనించి తోసినప్పుడు
నడుం వంచి, వింటికర్రని ఒరుసుకోకుండా
పక్కనించి తప్పుకొని,
గట్టున పడ్డ చేపలా ఒళ్ళు విదిలించి విదిలించి
అప్పుడు తిన్నగా పోతుంది.
వంగనిది వింటికి తగిలి ఎడమకి.
మరీ వంగేది కుడికి.

తర్వాతి శుక్రవారం గాజుపెంకుతో గీకాను,
నడుం దగ్గర మాత్రం, పొట్టు లేచీ లేవనంత.
గీకు, వేయించు, చూడు.
"శ్వై శ్వై" అంటుంది తను.
"కాస్త కాస్త" అంటాను నేను.
తోక పైకెత్తి దిగుతోందని
నావ సందుల్లో కూరే నూలు పేని
తాటి మీద కట్టిన ముడిని
నూలువాసి కిందికి దించాం. అంతే, నూలువాసి!

ఖల్ఫాన్ ఒకసారి వచ్చాడు,
కూతురు ఏం చేస్తోందో చూడ్డానికో, నా పని చూడ్డానికో.
ఒక అమ్ము తీసి, కంటి ముందు పెట్టి,
వేళ్ళమధ్య వంచి, యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయాడు.
సోమవారం నాకు కొత్త గాజుపెంకులు పంపాడు.

ఐదో శుక్రవారం
ఈకలున్నదీ ఈకలు పీకినదీ
ఒకదాని పక్కన ఒకటి దిగాయి,
మధ్యలో వేలు పట్టనంతగా.
ఇద్దరం మాట్లాడలేదు. గోనె దగ్గరికి నడిచి
చాలాసేపు వాటినే చూశాం.
సముద్రం మీద ఎవరిదో మోటారు ఆగింది.

ఏడు కుదిరాయి.
పెన్సిలుతో ఒంటి మీద అంకెలు వేశాను, మా అంకెలు.
౭ చూసి "ఇదేంటి, గాలమా?" అంది.
పక్కనే తన ఏడు రాసింది, రెక్కలెత్తిన పిట్టలా.
ఇప్పుడా అమ్ము మీద రెండూ ఉన్నాయి.

నాలుగు నా చేతుల్లో చిక్కిపోయాయి,
తమ్ముడి చిన్న వింటికి సరిపోతాయంది.
నిజమో, నా మనసు నొప్పించకూడదనో.

వేలెడు కోసింది మిగిలింది, ఎవరికీ పనికిరాక.
దాంతో సొరనూనె డబ్బా కలుపుతున్నాను.
చిక్కటి నూనె, ఎండకి కంపు, అడుగున మడ్డి.
వంగదు.
ఈ పనికి వంగక్కర్లేదు.